వదిలిన సాలు

కుక్కరు మూత తీయగానే తొలకరి వాసన గుప్పుమంది.

బయట ఫిబ్రవరి ఎండ. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే కాలేజీ మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు. వాన ముఖం చూసి నాలుగు నెలలైంది. గాజుసామాను కడిగే ఈ గదిలో మాత్రం అప్పుడే నాలుగు చినుకులు పడి, బీడు తడిసినట్టు మట్టి వాసన. మౌలాబీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. రోజూ నిలబడుతుంది. ఆవిరి ముఖానికి కొట్టి కళ్ళు మండినా కదలదు.

ఆ పెద్ద ఇనప కుక్కరుకి ఇంగ్లీషులో ఏదో పేరుంది. ల్యాబులో పని అయిపోయిన గాజు పళ్ళేలన్నీ అందులో ఉడకాలి. వాటిలో పెంచిన పురుగు చచ్చాక, పళ్ళెంలో గడ్డకట్టిన జిగురుని గీకి బకెట్లో వేసి, సబ్బునీళ్ళలో బ్రష్షుతో తోమి, మూడుసార్లు జాడించి, కాగితంలో చుట్టి ఎండబెట్టే పెట్టెలో పెట్టడం మౌలాబీ పని. పళ్ళెం అడుగున నంబరు రాసి ఉంటుంది. ఆమెకి అక్షరాలు రావు గానీ నంబర్లు వచ్చు. సిటీ బస్సులు నేర్పిన చదువు అది. ముప్ఫై ఒకటి అని ఉన్నవాటిని వేరుగా తీసి చివరికి పెట్టుకుంటుంది. వాటిని తోమేటప్పుడు చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

ముప్ఫై ఒకటి దర్శి మట్టి. ఆమె భర్త బుడే తెచ్చిన ఆఖరి మట్టి.

బుడే ఇదే ల్యాబులో ఇరవై ఏళ్ళు అటెండరు. పొలాలు తిరిగి మట్టి తేవడం, కరెంటు పోతే జనరేటర్ వేయడం ఆయన పని. ఆ మట్టిలో కంటికి కనపడని పురుగు ఉంటుందని, అది తన పక్కనున్న పురుగుల్ని చంపడానికి ఒక మందు చేసుకుంటుందని, ఆసుపత్రిలో ఇచ్చే మందుల్లో చాలావాటికి పుట్టిల్లు ఇలాంటి మట్టేనని ఇంటికొచ్చి గొప్పగా చెప్పేవాడు. పోయిన మార్చిలో దర్శిలో ఒక పత్తి చేలో, కొట్టి వదిలేసిన కట్టె మోడు చెప్పులోంచి దిగి కుడి పాదంలో గుచ్చుకుంది. పదకొండో రోజుకి మనిషి లేడు. డాక్టరు రోజుకో మందు మార్చి చూసి, ఈ పురుగు దేనికీ లొంగట్లేదమ్మా అని చేతులెత్తేశాడు. ఆ మాట తలుచుకుంటే మౌలాబీకి ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏడుపుకి బదులు వచ్చే నవ్వు అది.

"ఆంటీ, సారు పిలుస్తున్నారు."

గుమ్మంలో బిందుమాధవి నిలబడి ఉంది. అయిదేళ్ళుగా ఇక్కడ రీసెర్చి చేస్తున్న పిల్ల. మామూలుగా అయితే లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుని, డబ్బాలో కూరేమిటో చెప్పి మరీ వెళుతుంది. ఇవాళ గడప దాటలేదు. మౌలాబీ ముఖం చూడకుండా కారుతున్న కుళాయి వంక చూస్తోంది.

ప్రొఫెసర్ చైతన్యకృష్ణ గారు చెడ్డమనిషి కాదు. బుడే పోతే ఆఫీసువాళ్ళ వెంటపడి మౌలాబీకి ఈ పని ఇప్పించింది ఆయనే. అందుకేనేమో, చెప్పవలసిన మాట నోటికి రాక కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకున్నాడు.

"చూడు మౌలాబీ. బుడే మంచివాడు కాదని ఎవరూ అనరు. కానీ ఒక పొరపాటు చేశాడు. చీరాల దగ్గర మిరప చేలోంచి తెచ్చిన మట్టికి పన్నెండు అని పెట్టాం. దర్శి నుంచి తెచ్చినదానికి ముప్ఫై ఒకటి. రెంటిలోనూ దొరికిన పురుగుల్ని పరీక్షకి పంపాం. ఒక్కో పురుగు లోపల ఎనభై లక్షల అక్షరాల పుస్తకం లాంటిది ఉంటుందమ్మా. జీనోమ్ అంటాం. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోలిస్తే తేడా తొమ్మిది అక్షరాలు. ఎనభై లక్షల్లో తొమ్మిదే. రెండూళ్ళ మట్టిలో అలా ఉండదు."

"ఉండకపోతే?"

"ఒకే చేలో తవ్వి రెండు సంచుల్లో పోశాడు. దర్శి వెళ్ళలేదు."

మౌలాబీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్లకి ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"దర్శి వెళ్ళకపోతే ఆయన కాలికి కట్టె ఎక్కడ గుచ్చుకుంది సార్?"

"పత్తికట్టె ఎక్కడైనా గుచ్చుకుంటుంది కదమ్మా."

"ఎక్కడైనా గుచ్చుకుంటే ఎక్కడైనా చచ్చిపోయాడనుకోమంటారా?"

బిందుమాధవి గోడకి ఆనుకుని గోళ్ళు గిల్లుకుంటోంది. ప్రొఫెసరు గొంతు తగ్గించాడు. వీళ్ళ పరిశోధన వేసే సైన్సు పత్రికవాళ్ళు సంజాయిషీ అడిగారు. శుక్రవారం లోపల ఉత్తరం పంపాలి. మట్టి తెచ్చిన మనిషి పద్ధతి పాటించలేదనీ, ఆయన ఇప్పుడు లేడనీ రాయక తప్పదు. ఆ సంచుల్లో మట్టి అయిపోయి చాలాకాలమైంది, మళ్ళీ చూద్దామన్నా లేదు. ఇంకోమాట. ఆయన సర్వీసు మచ్చలేనిదని రాసే మౌలాబీకి పని ఇప్పించారు. ఇప్పుడు ఆమెని పర్మినెంటు చేసే ఫైలు మీద ఆ మాటే మళ్ళీ ఎలా రాస్తాడు?

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఇక్కడ చచ్చినవాడి నెత్తిన తప్పు గంపెడు. బతికున్నవాళ్ళంతా చేతులు కడుక్కుని కూర్చున్నారని మౌలాబీ ఒళ్ళు మండిపోయింది. కానీ నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉందని తిరిగొచ్చి, మిగిలిన పళ్ళేలు తోమింది. ముప్ఫై ఒకటి పళ్ళెం ఒకటి చేజారి పగిలింది.

సాయంత్రం ఇంటికెళ్ళగానే మేకుకి వేలాడుతున్న గుడ్డసంచి దించింది. పదకొండు నెలలుగా దాని జోలికి పోలేదు. ఒక్కగది ఇల్లు, పిల్లాజెల్లా లేరు, ఆ సంచి అక్కడుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. కొన్నిసార్లు అన్నం తింటూ దానివైపు తిరిగి, ఉప్పు ఎక్కువైందా అని అడిగేది కూడా. ఇవాళ తలుపు గడియ పెట్టి ముడి విప్పింది.

న్యూస్ పేపర్లో చుట్టిన చేతిపార. ఒక చేను నుంచి ఇంకో చేనుకి మట్టి అంటుకుపోకూడదని, పని కాగానే దాన్ని స్పిరిట్ దూదితో అద్దంలా తుడిచేవాడు బుడే. ఇంట్లో చెంచాలు కూడా అంత శుభ్రంగా ఉండవని తను ఎగతాళి చేసేది. కాగితం విప్పితే, పిడి దగ్గర ఉసిరికాయంత నల్లమట్టి గట్టిపడి ఉంది. ఆ రోజు తుడవలేదు. ఓపిక ఉంటే కదా తుడిచేది. మౌలాబీ దాన్ని ముట్టుకోకుండా మళ్ళీ చుట్టేసింది.

అడుగున విత్తనాల కొట్టువాళ్ళిచ్చిన చిన్న డైరీ ఉంది. తిరిగిన ప్రతి ఊరి బస్సు టికెట్టూ మెతుకులతో అంటించి, కింద రాసుకునేవాడు. తారీఖుల నంబర్లు చూసుకుంటూ మార్చి పంతొమ్మిది దగ్గరికి వచ్చింది. టికెట్టు ఉంది. దాని మీద ఏమీ లేదు. దీపం దగ్గర పెట్టి చూసింది, ఏటవాలుగా తిప్పి చూసింది. మిషన్ కొట్టిన అచ్చు మొత్తం వెలిసిపోయి తెల్లకాగితం మిగిలింది. ముందు పేజీల్లోవీ అంతే. ఇరవై ఏళ్ళు తిరిగిన మనిషి ఎక్కడికీ వెళ్ళనట్టే ఉంది ఆ డైరీ చూస్తే.

కానీ కింద రాత ఉంది. నీలం సిరా, తీర్చిన వరసలు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ, అందరూ క్యాంటీన్ కి వెళ్ళాక, డైరీ తీసుకుని బిందుమాధవి బల్ల దగ్గరికెళ్ళింది.

"ఇది చదివి పెట్టమ్మా."

బిందుమాధవి డబ్బా మూసేసి చెయ్యి తుడుచుకుంది. వేలు పంక్తి కింద పెట్టి, చిన్నపిల్లలకి చదివినట్టు నెమ్మదిగా చదివింది.

"తారీఖు పంతొమ్మిది. అయిదింటి బస్సు. అద్దంకిలో టీ. దర్శిలో దిగి వెంకయ్య గారి చేను. నల్లరేగడి, బాగా పగిలి ఉంది. జానెడు లోతు, మూడు చోట్ల తీశాను. సంచి మీద ముప్ఫై ఒకటి వేశాను. కట్టె సరిగా కొట్టలేదు, కుడికాలికి ఒకటి దిగింది. వెంకయ్య గారు పసుపు అద్దించి మజ్జిగ ఇప్పించారు. మజ్జిగ బాగుంది."

మజ్జిగ బాగుంది అన్న దగ్గర ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుడే ఎక్కడ ఏం తాగినా బాగుందనే మనిషి.

"చూశావా? వెళ్ళాడు కదా!"

"నాకు తెలుసాంటీ. కానీ ఇదంతా ఇంట్లో కూర్చుని కూడా రాసుకోవచ్చంటారు సారు." బిందుమాధవి కళ్ళు తుడుచుకుంది. "రికార్డులో నంబరుంటే నిన్ననే వెంకయ్య గారింటికి ఫోన్ చేశాను. ఆయన పోయిన వేసవిలోనే పోయారట. ఆ చేలో ఎర్రమట్టి తోలి ప్లాట్లు వేసేశారు."

"తర్వాత పేజీ చదువు. ఆ మర్నాడు ఏం రాశాడో."

బిందుమాధవి పేజీ తిప్పింది. "తారీఖు ఇరవై. పొద్దున్నే ల్యాబుకి వచ్చాను. కాలు బరువుగా ఉంది. ముప్ఫై ఒకటి బిందమ్మ చేతికిచ్చాను."

వేలు ఆగింది.

కిటికీలోంచి ఘాటు వచ్చింది. ఎవరో దూరంగా తుమ్మారు. బిందుమాధవి పై పెదవి మీద చెమట పట్టింది. వేలు ఒక్కసారి పేజీ అడుగుకి జారింది. "నాలుగింటికి ఇంటికి. అంతే ఆంటీ." డైరీ మూసేసింది.

మౌలాబీ పెళ్ళికి ముందు నుంచీ, తర్వాత పదిహేనేళ్ళూ మిరప కోతలకి వెళ్ళిన మనిషి. మిరప చేలో ఎవరి సాలు వాళ్ళది. వంచిన నడుం ఎత్తకుండానే, పక్కమనిషి ఎక్కడిదాకా వచ్చింది, ఏ సాల్లో కాయ వదిలింది, కంటి కొనకే తెలిసిపోతుంది. ఆ పేజీలో పది వరసలున్నాయి. వేలు మొదటి మూడింటి కింద నడిచింది. చివరిదాని కింద ఆగింది. మధ్యలో ఆరు అలాగే నిలబడి ఉన్నాయి.

"సాలు వదిలేశావు బిందమ్మా."

"ఏం లేదాంటీ, కరెంటు పోయింది, జనరేటర్ వేశాను, అవే. రోజూ రాసేవే."

"రోజూ రాసేవైతే చదవడానికేం?"

బిందుమాధవి గోడ గడియారం చూసింది. "క్లాసుంది" అని లేచి వెళ్ళిపోయింది. సగం తిన్న డబ్బా బల్ల మీదే ఉంది.

సాయంత్రం వీధి చివర సైకిల్ షాపు రంజాన్ దగ్గర ఆగింది మౌలాబీ. ఊళ్ళోవాళ్ళ నోటీసులూ ఉత్తరాలూ చదివి పెట్టేది ఆయనే. డైరీ తీయగానే గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని చాపాడు.

"ఏంది వదినా, ఆఫీసు కాగితమా?"

ఇవ్వబోయింది. ఇచ్చేస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ కోతల్లో మేస్త్రి వెంకటరావమ్మ గుర్తొచ్చింది. ఎవరైనా సాలు వదిలేస్తే వెంకటరావమ్మ అరిచేది కాదు. ఖాళీ గంప తెచ్చి ఆ సాలు మొదట్లో బోర్లించి పోయేది. వదిలిన సాలు వదిలినవాళ్ళే కోయాలి, వేరేవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. ముఠా అంతా గట్టెక్కి చూస్తుండగా ఆ మనిషి ఒక్కతే వెనక్కి వెళ్ళి కోసుకొచ్చేది. మళ్ళీ జన్మలో వదిలేది కాదు.

"ఏం లేదులే అన్నా" అని డైరీ కొంగులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, బిందుమాధవి బల్ల మీద ఆ పేజీ తెరిచి, గాలికి మూసుకోకుండా పైన ఖాళీ పళ్ళెం బోర్లించింది. గాజులోంచి బుడే అక్షరాలు కొంచెం పెద్దవిగా కనిపించాయి.

ఆ రోజంతా అది అక్కడే ఉంది. బిందుమాధవి వచ్చింది, చూసింది, కుర్చీ పక్కకి జరుపుకుని బల్ల మూల మీద పని చేసుకుంది. తీసేయలేదు, మూసేయలేదు. మౌలాబీ నేల తుడవడానికి వెళ్ళినప్పుడల్లా ఇద్దరి మధ్యా ఆ పళ్ళెం. చనిపోయిన మనిషి బల్ల దగ్గర కూర్చుని చెయ్యి చాపినట్టుంది. రెండుసార్లు బిందుమాధవి వెనక్కి తిరిగి ఫ్యాన్ స్విచ్చి వైపు చూడటం మౌలాబీ గమనించింది. ఎందుకో తెలియలేదు. ఆ గదిలో ఎవరూ ఫ్యాన్ వేయలేదు మరి.

శుక్రవారం మధ్యాహ్నం ప్రొఫెసరు ఉత్తరం టైపు చేయించి సంతకానికి బిందుమాధవి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. గంట గడిచింది. మౌలాబీ మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ఉండగా గడప దగ్గర అలికిడైంది. బిందుమాధవి డైరీ గుండెకి అదుముకుని లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే చదివింది. ఈసారి వేలు పెట్టలేదు. అప్పటికే కంఠతా వచ్చేసినట్టుంది.

"పది నలభైకి కరెంటు పోయింది. జనరేటర్ వేశాను. దాని మీద ఫ్యాన్లు తిరుగుతాయి, పళ్ళేల మీద దుమ్ము పడకుండా ఆపే గాలిపెట్టె తిరగదు. బిందమ్మ పన్నెండు పళ్ళెం, ముప్ఫై ఒకటి పళ్ళేలు పక్కపక్కన తెరిచి పెట్టుకుంది. పైన ఫ్యాన్. పన్నెండు మీది పొడి లేచి ముప్ఫై ఒకటి మీద పడుతోంది. ఉక్కకి తట్టుకోలేక వేసుకుందేమో పాపం. అటు తిరిగి ఉంది, నన్ను చూడలేదు. ఫ్యాన్ కట్టేసి వచ్చాను. సారుకి చెప్పలేదు. చెబితే బిడ్డ నాలుగేళ్ళ చదువు పోతుంది. ఏమీ కాకూడదు."

కుళాయి కారుతోంది. మౌలాబీ చేతులు నీళ్ళలోనే ఉన్నాయి.

"ఫ్యాన్ ఆగితే జనరేటర్ ఆగిందనుకున్నానాంటీ. తర్వాత మర్చిపోయాను. మొన్న మీరు చదవమనేదాకా నిజంగా గుర్తులేదు. చదివాక..." బిందుమాధవి కారుతున్న కుళాయి బిగించబోయింది. "చదివాక కూడా రెండు రోజులు ఊరుకున్నాను. అది క్షమించరానిది."

మౌలాబీకి ముందు గుండె తేలికైంది. ఆయన వెళ్ళాడు. ఆయన చేతిలో తప్పు లేదు. వెంటనే ఇంకోటి గుచ్చుకుంది. ఆయన దాచిన మాట ఇది. కాలు వాచిపోతూ, జ్వరం వస్తూ, ఈ పిల్ల కోసం దాచిపెట్టి ఎవరికీ చెప్పకుండా మట్టిలోకి తీసుకెళ్ళిన మాట. తను గంప బోర్లించి మరీ బయటికి తెచ్చింది.

"అయితే ఈ ముప్ఫై ఒకటి?" అంది బకెట్టు వైపు చూస్తూ.

"అది పన్నెండేనాంటీ. చీరాల దగ్గర మట్టిలోది. ఎగిరిపడి అదే పెరిగింది. పరీక్షకి పంపడానికి దాన్నే ఏరాను. దర్శి మట్టిలోది ఒక్కటీ మిగల్లేదు."

"రోజూ కుక్కరులోంచి వచ్చే వాసన?"

బిందుమాధవికి ప్రశ్న అర్థం కాలేదు. "వాసనా? అది కూడా పన్నెండుదే."

మౌలాబీ తల ఊపింది. ఇన్నాళ్ళూ మూత పట్టుకుని నిలబడింది దేనికో ఇప్పుడు తెలిసింది.

బిందుమాధవి డైరీ పట్టుకుని సారు గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. చాలాసేపు ఆయన గొంతే వినపడింది. చివరికి చైతన్యకృష్ణ గారు తనే కడిగే గది దాకా వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. కళ్ళజోడు చేతిలో ఉంది.

"తప్పు మాది మౌలాబీ. ఉత్తరం చింపేశాను. ఆఫీసుకి కూడా రాస్తాను. బుడే..." అని ఆగిపోయాడు. "నేను అతన్ని ఒక్కమాట అడగకుండా అనేశాను. అడుగుదామన్నా..." కళ్ళజోడు పెట్టుకుని, "ముప్ఫై ఒకటి నంబరు మొత్తం తీసేయండి" అని బిందుమాధవికి చెప్పి వెళ్ళిపోయాడు.

ఫ్రిజ్జుల్లోంచి, అరల్లోంచి ముప్ఫై ఒకటి పళ్ళేలన్నీ ట్రేలకొద్దీ వచ్చాయి. బూడిద రంగు పొడి పట్టి, చూడటానికి బూజు పట్టిన రొట్టెల్లా ఉన్నాయి. మౌలాబీ అన్నీ కుక్కరులో సర్ది మూత బిగించింది. అరగంట ఉడికాక, ఆవిరి వదిలి మూత తీసింది. వాసన ఎప్పటికంటే ఎక్కువగా వచ్చింది. ఆయనది కాదని ఇప్పుడు తెలుసు. ముక్కు మాత్రం ఒప్పుకోలేదు.

బిందుమాధవి ఉడికినవాటిని బకెట్లోకి గీకడానికి తనూ కూర్చుంది. వద్దన్నా వినలేదు. పని సగమయ్యాక తలెత్తకుండా అడిగింది.

"ఆంటీ, ఆయన సామానులో ఎక్కడైనా కాస్త దర్శి మట్టి మిగిలిందేమో చూస్తారా? సంచి మడతల్లో, పారకి అంటుకుని... చిటికెడు చాలు. ఆ చేను ఎలాగూ లేదు. దొరికితే మొదట్నుంచీ నేనే చేస్తాను. ఈసారి సరిగ్గా చేస్తాను. ఆయన దేనికోసం వెళ్ళారో అది తెలుస్తుంది."

మౌలాబీ గీకుతున్న పళ్ళెం తిరగేసి నంబరు చూసింది. మట్టి ఇస్తే ఏం చేస్తారో ఆమెకి తెలుసు. నీళ్ళలో కలుపుతారు, పళ్ళేల మీద పూస్తారు, పెంచుతారు, నంబరు వేస్తారు, పుస్తకాలుగా విప్పి పోలుస్తారు. ఆఖర్న ఈ గదికి పంపుతారు. అప్పుడు కుక్కరులో పెట్టాల్సింది తనే. ఆ మట్టిలో ఏ మందు పుట్టేదో, అది ఎవరి కాలిని కాపాడేదో కూడా ఆమెకి తట్టింది. తట్టలేదంటే అబద్ధం.

"లేదమ్మా" అంది. "అంతా తుడిచేసేవాడు. నీకు తెలుసుగా ఆయన సంగతి."

బిందుమాధవి ఆమె వంక చూసింది. అడగబోయి, మానుకుని, ఇంకో పళ్ళెం అందుకుంది.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చి మౌలాబీ కాళ్ళు కడుక్కుంది. మేకు మీది సంచి దించి, న్యూస్ పేపరు విప్పి, చేతిపార ఒళ్ళో పెట్టుకుంది. చెంబులో వేళ్ళు ముంచి, పిడి దగ్గర గట్టిపడ్డ నల్లమట్టి మీద నాలుగు చుక్కలు చిలకరించింది. మట్టి నీళ్ళు పీల్చుకునేదాకా ఆగి, వంగి ముక్కుకి ఆనించుకుంది.